ఇంజిన్ డిస్కుల లైఫ్ లిమిట్: పగులు లేకపోయినా ఎందుకు పారేయాలి?

విశాఖవాసి
నమస్తే అండీ. శంషాబాద్‌లో సాఫ్రాన్ వాళ్ల లీప్ విమాన ఇంజిన్ల సర్వీస్ సెంటర్ 2025 నవంబర్‌లో మొదలైనప్పటి నుంచి మా ఇంట్లో ఇంజిన్ల గురించే మాటలు, మా తమ్ముడి కొడుకు ఏరోనాటికల్ చదువుతున్నాడు మరి. వాడు చెప్పిన ఒక సంగతి నాకు మింగుడుపడటం లేదు. ఇంజిన్ లోపల తిరిగే డిస్కులు (బ్లేడులు బిగించే చక్రాలు), షాఫ్టుల లాంటి వాటికి ముందే ఒక అంకె రాసిపెడతారట. ఇరవై వేల సైకిల్స్ అంటే ఇరవై వేలే, ఆ తర్వాత చిన్న గీత కూడా లేకుండా తళతళలాడుతున్నా సరే తీసి పక్కన పడేయాలట. ఒక్కోటి లక్షల డాలర్ల ఖరీదు. మందుల షీటు మీద ఎక్స్‌పైరీ తేదీ లాంటిదా ఇది? పరీక్ష చేసి, బాగుంటే ఇంకో రెండు వేలు వాడుకుంటే ఏమవుతుంది? అసలు ఈ అంకె ఎవరు వేస్తారు, దాటితే పట్టుకునేది ఎవరు? తెలిసినవాళ్లు కాస్త విడమర్చి చెప్పండి.

ఇంజిన్‌షాప్
నేను గల్ఫ్‌లో ఒక ఇంజిన్ షాపులో పని చేస్తున్నాను. వీటిని మేం ఎల్ఎల్‌పీలు అంటాం, లైఫ్ లిమిటెడ్ పార్ట్స్. ఇంజిన్‌లో భాగాలు వేలల్లో ఉంటాయి కానీ ఈ జాబితాలో పడేవి చాలా తక్కువ. బోయింగ్ 737-800కి ఉండే సీఎఫ్ఎం56-7బీలో పద్దెనిమిదే. ఫ్యాన్ డిస్కు, కంప్రెసర్ స్పూళ్లు, టర్బైన్ డిస్కులు, షాఫ్టులు, కొన్ని తిరిగే సీళ్లు. ఇవి ముక్కలైతే ఆపగలిగేది ఏదీ లేదు కాబట్టే ఆ జాబితాలో ఉన్నాయి.

ఇక్కడ బ్లేడుకీ డిస్కుకీ తేడా తెలియాలి. ఫ్యాన్ బ్లేడు ఊడితే చుట్టూ ఉన్న కేసింగ్ దాన్ని లోపలే పట్టి ఉంచాలి, ఇంజిన్‌కి అనుమతి ఇచ్చే ముందు ఫుల్ స్పీడులో నిజంగానే ఒక బ్లేడును తెంచి ఆ సంగతి రుజువు చేయించుకుంటారు. డిస్కుకి అలాంటి పరీక్షే లేదు. అంత బరువున్న లోహం నిమిషానికి వేల చుట్లు తిరుగుతూ విరిగితే, దాన్ని ఆపేంత మందంగా కేసింగ్ కడితే ఆ విమానం నేల విడవదు. అందుకని డిస్కు విషయంలో నియమం ఇంకోలా రాశారు: అసలు విరగనే కూడదు.

సైకిల్ అంటే ఒక టేకాఫ్, ఒక ల్యాండింగ్. గంటలు కాదు. ఇంజిన్ స్టార్ట్ అయి, టేకాఫ్‌కి పూర్తి శక్తి తీసుకుని, మళ్లీ చల్లారే దాకా డిస్కు మీద ఒత్తిడి ఒకసారి పెరిగి తగ్గుతుంది. లోహం అలిసిపోయేది ఆ పెరిగి తగ్గడం వల్లే, గాల్లో స్థిరంగా పది గంటలు తిరిగితే దానికంత బాధ లేదు. దేశంలోపల రోజుకి ఐదారు ట్రిప్పులు కొట్టే విమానం ఏడాదికి రెండు వేల సైకిల్స్ దగ్గర తింటుంది, అంటే ఇరవై వేలు పదేళ్లలో అయిపోతాయి. అదే హైదరాబాద్-లండన్ లాంటి దూరాలు తిరిగే ఇంజిన్‌కి అదే అంకె రెండు దశాబ్దాలు దాటినా మిగిలే ఉండొచ్చు.

ఆ -7బీలో ఫ్యాన్ వైపు భాగాలకి 30,000, హై ప్రెషర్ కంప్రెసర్, హై ప్రెషర్ టర్బైన్‌లకి 20,000, వెనకున్న లో ప్రెషర్ టర్బైన్‌కి 25,000 అనేది మామూలు లెక్క. వేడి, వేగం ఎక్కడ ఎక్కువో అక్కడ ఆయుష్షు తక్కువ.

కాక్‌పిట్_కబుర్లు
పై పోస్టుకి చిన్న చేర్పు. ఒకే ఇంజిన్‌ని వేర్వేరు థ్రస్ట్ రేటింగుల్లో, అంటే వేర్వేరు శక్తి స్థాయిల్లో వాడతారు. ఎక్కువ రేటింగులో కొన్ని భాగాలకి లిమిట్ తక్కువ ఉంటుంది. ఇంజిన్ ఒక విమానం మీంచి ఇంకో విమానం మీదకి మారి రేటింగ్ కూడా మారితే, ఎక్కడ ఎన్ని సైకిల్స్ తిరిగిందో విడివిడిగా లెక్కగట్టి మిగిలిన ఆయుష్షు తేల్చాలి. ఆ లెక్కలో పొరపాటు జరిగితే పైలట్‌కి తెలిసే దారే లేదు. మేం చూసే ఏ మీటర్లోనూ అది కనపడదు.

లోహం_హైదరాబాద్
విశాఖవాసి గారూ, "పరీక్ష చేసి బాగుంటే వాడుకోవచ్చు కదా" అన్నదే అసలు ప్రశ్న. నేను మెటలర్జీ వాణ్ణి కాబట్టి లోహం వైపు నుంచి చెప్తాను.

ఈ పద్ధతిని సేఫ్ లైఫ్ అంటారు. పాత సంప్రదాయం ప్రకారం లెక్క ఇలా ఉంటుంది: ఒకే రకం డిస్కులు వెయ్యి తీసుకుంటే, వాటిలో ఒక్కదానికి అంగుళంలో ముప్పై రెండో వంతు, అంటే 0.8 మిల్లీమీటర్ల పగులు మొదలయ్యే సమయం ఎప్పుడో లెక్కగడతారు. లిమిట్ అక్కడ పెడతారు. అంటే మీరు పారేసే వెయ్యి డిస్కుల్లో 999 నిజంగానే బాగుంటాయి. ఆ బాగున్నవాటిని చూసి ఇవి వృథా అనిపిస్తుంది. కానీ ఆ వెయ్యిలో ఒకటి ఏదో బయట నుంచి చెప్పలేం, అందుకే వెయ్యినీ తీసేస్తాం.

ఇక పరీక్ష సంగతి. మామూలుగా చేసేది ఫ్లోరసెంట్ పెనెట్రెంట్ పరీక్ష. మెరిసే ద్రవం పూసి, తుడిచి, అతినీలలోహిత కాంతిలో చూస్తారు, పగుల్లోకి ఇంకిన ద్రవం గీతలా వెలుగుతుంది. చూసేది మనిషి కన్ను. ఉపరితలం మీదకి రాని లోపం ఇందులో అసలు పడదు. పడ్డదాన్ని కూడా మనిషి చూడకుండా వదిలేసే అవకాశం ఉంది, దానికి 1989 జులై 19 కంటే పెద్ద రుజువు అక్కర్లేదు.

యునైటెడ్ 232, డెన్వర్ నుంచి షికాగో వెళ్తున్న డీసీ-10. తోకలో ఉన్న రెండో ఇంజిన్ ఫ్యాన్ డిస్కు గాల్లో పగిలింది. ముక్కలు వెళ్లి మూడు హైడ్రాలిక్ వ్యవస్థల్నీ కోసేశాయి, విమానాన్ని తిప్పడానికి మిగిలింది రెక్కల కింద రెండు ఇంజిన్ల శక్తిని హెచ్చించడం, తగ్గించడం మాత్రమే. కెప్టెన్ ఆల్ హేన్స్ బృందం, ప్రయాణికుడిగా ఎక్కిన ఇన్‌స్ట్రక్టర్ పైలట్ డెన్నిస్ ఫిచ్ సాయంతో, అలాగే అయోవా రాష్ట్రంలోని సియూ సిటీ దాకా తెచ్చారు. 296 మందిలో 112 మంది చనిపోయారు, మిగిలినవాళ్లు బతకడమే గొప్ప. ఆ డిస్కు లిమిట్ 18,000 సైకిల్స్. పగిలింది 15,503 దగ్గర. దానికి 760 సైకిల్స్ ముందే ఈ పెనెట్రెంట్ పరీక్ష చేశారు, అప్పటికే పగులు అర అంగుళం దగ్గర్లో ఉందని దర్యాప్తులో తేలింది. ఎవరి కంటికీ పడలేదు.

రోజూప్రయాణం
వారానికి రెండు సార్లు బెంగళూరు వెళ్లొచ్చేదాన్ని, ఇది చదివాక టెన్షన్ మొదలైంది. అర్థం కాక అడుగుతున్నా, లిమిట్ 18,000 అయితే 15,503కే ఎలా పగిలింది? లిమిట్‌కి ముందే పగిలిపోయే పక్షంలో ఆ అంకె దేనికి పనికొచ్చినట్టు?

లోహం_హైదరాబాద్
రోజూప్రయాణం గారూ, మీరు పట్టుకున్నదే ఈ మొత్తం విషయానికి కీలకం. ఆ 18,000 అంకె మంచి లోహంతో, సరిగ్గా తయారైన డిస్కుకి. అలసట వల్ల వచ్చే పగులు ఒక్కదాన్నే అది లెక్కలోకి తీసుకుంది. పుట్టుకలోనే లోపం ఉన్న డిస్కుకి ఆ అంకె వర్తించదు.

సియూ సిటీ డిస్కు టైటానియంది. ఆ టైటానియం కరిగించేటప్పుడు నత్రజని ఎక్కువై ఒక చోట గట్టిగా, పెళుసుగా ఉండే చిన్న గడ్డ ఏర్పడింది, హార్డ్ ఆల్ఫా అంటారు. పగులు అక్కడ పుట్టింది, మొదటి రోజుల నుంచే పెరగడం మొదలైంది. ఆ లోహాన్ని శూన్యంలో రెండు సార్లు కరిగించే పద్ధతిలో చేశారు. ఆ తర్వాత కొద్ది కాలానికే మూడు సార్లు కరిగించే పద్ధతికి మారారు, ఇలాంటి గడ్డలు మిగలకుండా ఉండటానికే. ఈ డిస్కు ఆ మార్పుకి కాస్త ముందు పుట్టింది.

ఇంకొకటి. 1996 జులై 6, పెన్సకోలా. డెల్టా 1288, ఎండీ-88 విమానం, టేకాఫ్ కోసం పరుగెడుతుండగా ఎడమ ఇంజిన్ ఫ్యాన్ హబ్ (ఫ్యాన్ బ్లేడులు బిగించే డిస్కు) పగిలి ముక్కలు క్యాబిన్‌లోకి దూసుకొచ్చాయి. తల్లీ కొడుకు చనిపోయారు. ఆ హబ్ లిమిట్ 20,000, పగిలింది 13,835 దగ్గర. ఇక్కడ లోహంలో తప్పు లేదు. ఫ్యాక్టరీలో ఒక రంధ్రం డ్రిల్ చేసేటప్పుడు అక్కడ విపరీతంగా వేడెక్కి, రంధ్రం గోడ దగ్గర లోహం స్వభావమే మారిపోయింది. తయారీ పరీక్షల్లో దాటిపోయింది, తర్వాత ఎయిర్‌లైన్ పరీక్షలోనూ దాటిపోయింది.

ఇంకా దగ్గరి కాలంలో 2016 అక్టోబర్ 28, షికాగో ఓహేర్. అమెరికన్ 383, బోయింగ్ 767. కుడి ఇంజిన్ హై ప్రెషర్ టర్బైన్ రెండో స్టేజి డిస్కు రన్‌వే మీదే పగిలింది, ఒక ముక్క దాదాపు తొమ్మిది వందల మీటర్ల దూరంలో ఉన్న గోడౌన్ పైకప్పు చీల్చుకుని లోపల పడింది. రెక్క మంటల్లో ఉండగా అందరూ దిగి బతికారు. లిమిట్ 15,000, పగిలింది 10,984 దగ్గర. నికెల్ మిశ్రమలోహంలో కరిగించే దశలోనే మిగిలిపోయిన చిన్న మచ్చ కారణం. ఉపరితలం కింద ఉంది కాబట్టి అప్పుడు వాడుకలో ఉన్న పరీక్షలు దాన్ని పట్టుకోలేకపోయి ఉంటాయని అమెరికా ప్రమాదాల దర్యాప్తు సంస్థ ఎన్‌టీఎస్‌బీయే చెప్పింది.

మూడూ లిమిట్ లోపలే, మూడింటికీ మూలం తయారీలోనే: కరిగించడం, డ్రిల్లింగ్, మళ్లీ కరిగించడం. నా గట్టి అభిప్రాయం ఏంటంటే, లైఫ్ లిమిట్ అనేది రక్షణలో ఒక భాగం, దాని పక్కన మిగతావి లేకపోతే ఆ అంకెకి విలువ లేదు.

రోజూప్రయాణం
థాంక్యూ అండీ, ఓపిగ్గా చెప్పారు. మరి ఆ మిగతావి నియమాల్లోకి వచ్చాయా, లేక ప్రతి ప్రమాదానికీ ఒక రిపోర్టు రాసి పక్కన పెట్టేశారా?

కనెక్టికట్_తెలుగోడు
వచ్చాయి. కొంచెం ఆలస్యంగానే అనుకోండి. నేను ఇక్కడ రోటర్ల (ఇంజిన్‌లో తిరిగే భాగాల) లైఫ్ విశ్లేషణలో ఉన్నాను, కంపెనీ పేరు వద్దు.

సియూ సిటీ తర్వాత పరిశ్రమ, అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ కలిసి ఏళ్ల తరబడి పని చేసి 2001లో ఒక సలహా పత్రం తెచ్చారు, టైటానియం డిస్కులో హార్డ్ ఆల్ఫా ఉండే ఉంటుంది అనుకుని లెక్క మొదలుపెట్టమని దాని సారాంశం. అంతకుముందు లోహం మంచిదే అని మొదలుపెట్టేవాళ్లం, ఇప్పుడు లోపం ఉందనే మొదలుపెట్టి, అది పగిలే అవకాశం ఒక భాగానికి ఒక సైకిల్‌లో వంద కోట్లలో ఒకటి స్థాయికి దిగిందని చూపించాలి. చూపించలేకపోతే డిజైన్ మార్చు, లేదా లిమిట్ తగ్గించు, లేదా మధ్యలో పరీక్షలు పెట్టు. పెన్సకోలా తర్వాత రంధ్రాల గురించి ప్రత్యేకంగా ఇంకో పత్రం 2009లో వచ్చింది.

అసలు నియమం 2007లో మారింది. అమెరికా ఇంజిన్ నియమాల్లో పాత 33.14 పోయి 33.70 వచ్చింది. అందులో నాకు బాగా నచ్చేది మూడు ప్లాన్ల సంగతి. ఇంజనీరింగ్ ప్లాన్: ఆయుష్షు ఎలా లెక్కగట్టారు, ఏ ఉష్ణోగ్రతలు, ఏ ఒత్తిళ్లు. తయారీ ప్లాన్: ఆ లెక్క నిజం కావాలంటే ఫ్యాక్టరీలో ఏది ఎలా చేయాలి. సర్వీస్ ప్లాన్: ఎయిర్‌లైన్ చేతిలో పడ్డాక ఎలా వాడాలి, ఎలా బాగు చేయాలి. మూడూ ఒకదానికొకటి ముడిపడి ఉండాలి. డ్రిల్ బిట్ స్పీడు మార్చాలన్నా, కూలెంట్ మార్చాలన్నా లైఫ్ లెక్కగట్టిన ఇంజనీరు దాకా రావాలి. మా దగ్గర సప్లయర్ ఒక చిన్న మార్పు అడిగితే నెలలు పడుతుంది, అవతలివాళ్లు విసుక్కుంటారు, నేను మాత్రం దాన్ని ఎప్పుడూ ఆలస్యం అనుకోను. పెన్సకోలా జరిగింది సరిగ్గా అక్కడే కదా.

యూరప్‌లో విమాన భద్రతా సంస్థ ఈయాసా దగ్గర ఇదే విషయం సీఎస్-ఈ 515లో ఉంటుంది.

లెక్కలమాస్టారు
ఒక అభ్యంతరం ఉందండీ. అంకె వేసేది ఇంజిన్ తయారీదారు. అంకె అయిపోతే కొత్త భాగం అమ్మేది కూడా ఆ తయారీదారే. ధరలు ఏటా పెంచుతారు. ఒక ఇంజిన్‌కి మొత్తం ఎల్ఎల్‌పీ సెట్ మార్చాలంటే లక్షల డాలర్లు దాటి మిలియన్లలోకి పోతుంది. లిమిట్ తక్కువ పెడితే లాభం ఎవరికి? భద్రత పేరుతో వ్యాపారం జరగడం లేదని ఎలా నమ్మాలి?

కనెక్టికట్_తెలుగోడు
మాస్టారూ, ధర మీద మీతో వాదించను, ఎయిర్‌లైన్ల వాళ్లు కూడా ఇదే మాట అంటారు. అంకె మీద మాత్రం వాదిస్తాను. కొత్త ఇంజిన్ అమ్మేటప్పుడు ఎల్ఎల్‌పీ లిమిట్ ఎక్కువ ఉంటేనే కొనేవాడు వస్తాడు, కాబట్టి లిమిట్ పెంచాలనే ఒత్తిడే మా మీద ఎక్కువ. చాలా ఇంజిన్లు తక్కువ లిమిట్‌తో మొదలై, సర్వీసులో తిరిగి వచ్చిన డిస్కుల్ని కోసి చూసి, గుంతలో పెట్టి తిప్పి పరీక్షించి, ఆ తర్వాతే పై అంకెకి వెళ్తాయి. అది కూడా రెగ్యులేటర్ ఒప్పుకుంటేనే. ఆ అంకె మాన్యువల్‌లో ఎయిర్‌వర్దీనెస్ లిమిటేషన్స్ అనే విభాగంలో ఉంటుంది, దానికి చట్టబలం ఉంది. తయారీదారు అయినా సొంతంగా దాన్ని మార్చలేడు.

ఇంజిన్‌షాప్
మా వైపు నుంచి చూస్తే నిజమైన వృథా ఇంకోటి. ఇంజిన్ వేరే కారణంతో షాపుకి వచ్చిందనుకోండి, ఒక డిస్కుకి ఇంకా మూడు వేల సైకిల్స్ మిగిలున్నాయి. మళ్లీ ఇంజిన్ విప్పడానికి ఎనిమిది వేల సైకిల్స్ పడుతుందని ప్లాన్. అప్పుడు ఆ మూడు వేలూ వదులుకుని ఇప్పుడే మార్చేస్తారు. లేకపోతే మూడు వేలకే మళ్లీ దింపాలి. కస్టమర్‌తో గొడవలన్నీ ఈ లెక్క దగ్గరే. కానీ ఇది డబ్బు గురించిన గొడవ, లిమిట్ దాటించమని అడిగేవాడు ఉండడు.

రికార్డ్స్‌డెస్క్
అందరూ లోహం గురించి మాట్లాడారు, కాగితం గురించి ఎవరూ ఎత్తలేదు. పన్నెండేళ్లుగా ఎయిర్‌లైన్ టెక్నికల్ రికార్డుల్లోనే ఉన్నాను కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తాను, ఏమీ అనుకోవద్దు.

డిస్కుని చూసి అది ఎన్ని సైకిల్స్ తిరిగిందో చెప్పగలిగే మనిషి, యంత్రం రెండూ లేవు. బరువు తగ్గదు, రంగు చెప్పదు. దాని వయసు ఉండేది కాగితంలోనే. అందుకే బ్యాక్ టు బర్త్ అడుగుతాం, అంటే ఫ్యాక్టరీ నుంచి బయటికి వచ్చిన రోజు నుంచి ఈ రోజు దాకా ఏ ఇంజిన్‌లో, ఏ విమానంలో, ఏ ఆపరేటర్ దగ్గర, ఏ రేటింగులో ఎన్ని సైకిల్స్ అనే గొలుసు. పార్ట్ నంబర్, సీరియల్ నంబర్‌తో సహా. మధ్యలో ఒక లింకు తెగితే డిస్కు ఎంత బాగున్నా దాని విలువ సున్నా.

మన దేశంలో విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ పెట్టిన నిర్వహణ నియమాలు, కార్-ఎంలో ఇది స్పష్టంగా ఉంది. ప్రతి విమానానికీ లైఫ్ ఉన్న భాగాల ప్రస్తుత స్థితి రికార్డు ఉండాలి, ఆమోదించిన లిమిట్ దాటి వాడకూడదు, లిమిట్ అయిపోయినది మళ్లీ సప్లైలోకి పోకుండా చూడాలి. షాపు నుంచి భాగం బయటికి వచ్చేటప్పుడు అది వాడకానికి పనికొస్తుందని చెప్పే సీఏ ఫారం 1 మీద సంతకం ఉండాలి. అమెరికాలో 43.10 అని 2002లో తెచ్చిన నియమం ఉంది: విప్పిన ఎల్ఎల్‌పీకి ట్యాగ్ కట్టడమో, గుర్తు వేయడమో, విడిగా పెట్టడమో, పనికిరాకుండా కోసేయడమో చేయాలి. విశాఖవాసి గారూ, మీవాడు చెప్పిన "తీసి పక్కన పడేయడం" అంటే ఇదే. అలా కోయకుండా తుక్కుకి అమ్మితే ఎవడో తుడిచి, పాలిష్ పెట్టి, కొత్త కాగితం పుట్టించి అమ్ముతాడు.

ఇది ఊహ కాదు. 2023లో లండన్‌కి చెందిన ఏఓజీ టెక్నిక్స్ అనే సంస్థ నకిలీ పత్రాలతో సీఎఫ్ఎం56, సీఎఫ్6 ఇంజిన్ల భాగాలు అమ్మిందని బయటపడింది, ఎన్నో దేశాల ఎయిర్‌లైన్లు ఇంజిన్లు విప్పి ఆ భాగాలు తీసేయాల్సి వచ్చింది. వాటిలో ఎక్కువ చిన్న భాగాలే. పోర్చుగల్ ఎయిర్‌లైన్ మెయింటెనెన్స్ వాళ్లకి ఒక భాగం చూసి అనుమానం వచ్చి, తయారీదారుని అడిగితే ఆ సంతకం మాది కాదన్నారు. అంత పెద్ద వ్యవహారం బయటపడింది ఒక షాపు వాళ్లు కాగితాన్ని నమ్మకుండా అడగడం వల్ల.

నా అనుభవంలో ఒకసారి లీజు ముగిసి వేరే దేశం నుంచి వచ్చిన ఇంజిన్‌లో ఒక కంప్రెసర్ స్పూల్‌కి రెండేళ్ల రికార్డు లేదు. ఆ మధ్యలో వాడిన ఎయిర్‌లైన్ మూతపడింది. వాళ్ల పాత ఉద్యోగుల్ని వెతికి పట్టుకున్నాం, ఎయిర్‌పోర్టు ఫ్లైట్ డేటా అడిగాం, దొరకలేదు. మా మేనేజర్ ఒక్క మాట అన్నారు, "తెలియని రెండేళ్లని సున్నా అని రాసే హక్కు మనకి లేదు". స్క్రాప్ చేశాం. ఆయన మీద నాకు ఇప్పటికీ గౌరవం.

సియూ సిటీ కేసులో కూడా కాగితం కథ ఉంది. ఆ డిస్కు తయారీ రికార్డుల్లో ఒకే సీరియల్ నంబర్‌తో రెండు డిస్కుల ప్రస్తావన కనపడింది. దర్యాప్తు చేసినవాళ్లు దాని మీద చాలా పేజీలు ఖర్చు పెట్టారు.

లెక్కలమాస్టారు
రికార్డ్స్ మేడమ్/సార్, మన దగ్గర ఈ కాగితాలు ఎంత నిజాయితీగా ఉంటాయి? సూటిగా చెప్పండి.

రికార్డ్స్‌డెస్క్
మేడమే అండీ. ఎక్కువ చోట్ల నిజాయితీగానే ఉంటాయి. సంతకం పెట్టిన ఇంజనీరు లైసెన్సు పోతుంది, ఆ భయం కంటే కూడా ఆ పని నేర్పిన సీనియర్లు నేర్పిన పద్ధతి అలాంటిది. కానీ గుడ్డిగా నమ్మమని చెప్పను. 2025 జులైలో రాయిటర్స్ వార్త చదివే ఉంటారు. లీప్-1ఏ ఇంజిన్లలో కొన్ని భాగాల్ని గడువులోగా మార్చాలని ఈయాసా 2023లో ఆదేశం ఇచ్చింది. ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ ఒక ఏ320 విషయంలో ఆ గడువులోగా మార్చలేదనీ, మార్చినట్టు కనపడేలా రికార్డులు సవరించారనీ డీజీసీఏ ఆ ఏడాది మార్చిలో మందలించింది. సాఫ్ట్‌వేర్‌లో రికార్డులు మార్చుకునే క్రమంలో తేదీ తప్పిపోయిందని, గుర్తించగానే సరిచేశామని, బాధ్యుల మీద చర్య తీసుకున్నామని సంస్థ వివరణ ఇచ్చింది.

గడువు తప్పడం ఒక తప్పు. దాన్ని నేను కొంత అర్థం చేసుకోగలను, సాఫ్ట్‌వేర్ మార్పిడి జరిగే నెలల్లో ఎంత గందరగోళం ఉంటుందో చూశాను. రికార్డు సవరించడం అనేది పూర్తిగా వేరే జాతి తప్పు. మొదటిది ఆడిట్‌లో దొరుకుతుంది. రెండోది ఆడిట్‌నే గుడ్డిది చేస్తుంది. మందలింపుతో సరిపెట్టడం నాకు నచ్చలేదు, ఈ మాట ఎక్కడైనా చెప్తాను.

కాక్‌పిట్_కబుర్లు
అవును. పైలట్‌గా నేను సంతకం పెట్టి విమానం తీసుకునేది మీ అందరి సంతకాల మీద నమ్మకంతో.

గుంటూరు_ఏరో
అందరికీ నమస్తే, బీటెక్ ఫైనల్ ఇయర్. ఇండిగో విమానాలు పదుల సంఖ్యలో నిలిచిపోయాయి కదా ప్రాట్ అండ్ విట్నీ ఇంజిన్ల వల్ల, అది కూడా ఎల్ఎల్‌పీ సమస్యేనా? గో ఫస్ట్ ఎయిర్‌లైన్ మూతపడింది కూడా దానివల్లేనా?

కనెక్టికట్_తెలుగోడు
మొదటిది అవును. రెండోది వేరు. గో ఫస్ట్ 2023 మేలో దివాలా పిటిషన్ వేసింది, ఇంజిన్లు త్వరత్వరగా దింపాల్సి రావడం, బదులు ఇంజిన్లు దొరక్కపోవడం గురించి వాళ్ల ఫిర్యాదు. ఇండిగో విమానాల్ని ఆపిన పౌడర్ మెటల్ వ్యవహారం ప్రాట్ ప్రకటించింది ఆ తర్వాత జులైలో.

పౌడర్ మెటల్ అంటే నికెల్ మిశ్రమలోహాన్ని సన్నటి పొడిగా చేసి, దాన్ని ఒత్తిడితో గట్టి ముద్ద చేసి, ఫోర్జ్ చేసి డిస్కు తీస్తారు. ఎక్కువ వేడిని తట్టుకుంటుంది. ఆ పొడిలో వేరే పదార్థం రేణువు కలిస్తే అది లోపల ఉండిపోయి పగులుకి మొదలు అవుతుంది. 2015 చివరి నుంచి 2021 దాకా చేసిన ప్రాట్ వాళ్ల పీడబ్ల్యూ1100జీ ఇంజిన్ డిస్కుల మీద అనుమానం. అంతకుముందు 2020 మార్చిలో ఒక ఏ321కి ఉన్న వీ2500 ఇంజిన్‌లో హై ప్రెషర్ టర్బైన్ డిస్కు టేకాఫ్ పరుగులోనే పగిలింది, దాని మూలం కూడా పౌడర్ మెటల్ వైపే వెళ్లింది. ఆరేడు వందల ఇంజిన్లు అదనంగా రెక్కల మీంచి దింపాలని 2023 సెప్టెంబర్‌లో కంపెనీయే చెప్పింది.

చూడండి, ఇవి లిమిట్‌కి చాలా దూరంలో ఉన్న డిస్కులు. విప్పి, అల్ట్రాసౌండ్‌ని ఏటవాలుగా పంపి లోపలంతా వెతుకుతున్నారు. 1989లో ఇలాంటి అనుమానం వస్తే ఇంత పెద్ద ఎత్తున విమానాలు ఆపేవాళ్లా? నాకు నమ్మకం లేదు. ఇప్పుడు ఆపుతున్నారు, ప్రయాణికులు తిట్టుకుంటున్నారు, కంపెనీ వేల కోట్లు పోగొట్టుకుంది, ఎవరూ చనిపోలేదు. నియమం పని చేసిందంటే నాకు ఇదే.

రోజూప్రయాణం
ఇండిగో ఫ్లైట్ క్యాన్సిల్ అయినప్పుడు కస్టమర్ కేర్ మీద అరిచిన రోజులున్నాయి. ఈ కారణం అప్పుడే ఎవరైనా చెప్పి ఉంటే అరిచేదాన్ని కాదు. ఎయిర్‌లైన్లు "ఆపరేషనల్ రీజన్స్" అని రెండు ముక్కలు రాసే బదులు, మీ ఇంజిన్ డిస్కు పరీక్షకి వెళ్లింది అని రాస్తే జనం అర్థం చేసుకోరా?

లెక్కలమాస్టారు
అది మంచి మాటమ్మా. భయపడతారని రాయరు కానీ, రాయాలి.

గుంటూరు_ఏరో
మన దేశంలో డిస్కులు తయారు చేస్తున్నారా సార్? లేక అన్నీ బయట నుంచేనా?

లోహం_హైదరాబాద్
పౌర విమానాల డిస్కులంటే ఎక్కువగా బయటివే. సైనిక వైపు మాత్రం మన హైదరాబాద్‌లోనే మంచి పని జరిగింది. జాగ్వార్, హాక్ విమానాలకి ఉండే అడోర్ ఇంజిన్ హై ప్రెషర్ కంప్రెసర్ డిస్కులు, ఐదు స్టేజిలూ, టైటానియం మిశ్రమలోహంతో ఫోర్జ్ చేసే పద్ధతిని డీఆర్‌డీఓ లోహ పరిశోధనశాల డీఎమ్ఆర్ఎల్ అభివృద్ధి చేసింది. డీఎమ్ఆర్ఎల్‌లో ఉన్న 2000 టన్నుల ఐసోథర్మల్ ఫోర్జ్ ప్రెస్ మీద, ప్రభుత్వ లోహాల సంస్థ మిధానితో కలిసి చేశారు. రెండు వందల ఫోర్జింగులు బెంగళూరులో హెచ్‌ఏఎల్‌కి వెళ్లాయని 2021 మేలో డీఆర్‌డీఓ ప్రకటించింది. సైన్యం విమానాల భాగాలకి అనుమతి ఇచ్చే సెమిలాక్ ఆమోదం కూడా వచ్చింది.

పై పోస్టులన్నీ చదివాక దీని విలువ అర్థమవుతుంది అనుకుంటా. అచ్చు వేసి ఆకారం తీయడం ఒక వంతు. వందో డిస్కు కూడా మొదటిదానిలాగే ఉంటుందని, ఏ గడ్డా మిగల్లేదని, ఏ రంధ్రమూ కాలిపోలేదని రుజువు చేయడం తొమ్మిది వంతులు. ఆ క్రమశిక్షణ మన ఊళ్లో నేర్చుకున్నవాళ్లు ఉన్నారు. సాఫ్రాన్ కూడా శంషాబాద్ దగ్గర లీప్ ఇంజిన్ తిరిగే సీళ్ల ఫ్యాక్టరీ 2022లో పెట్టింది. చదువుకునే పిల్లలు సాఫ్ట్‌వేర్ ఒక్కటే చూడకుండా ఇటు కూడా చూడాలని నా కోరిక.

విశాఖవాసి
అందరికీ చాలా కృతజ్ఞతలు. మావాడికి ఈ లింకు పంపాను, మొత్తం చదివి ఒక్కటే అడిగాడు: ట్రైనీగా చేరితే మొదటి రోజుల్లో ఇందులో తన చేతికి వచ్చే పని ఏముంటుంది, ఏం జాగ్రత్త పడాలి అని.

ఇంజిన్‌షాప్
మొదట్లో శుభ్రం చేసే చోటో, పెనెట్రెంట్ లైన్ దగ్గరో వేస్తారు. చిన్న పని అనుకోవద్దని చెప్పండి. డిస్కు సరిగ్గా శుభ్రం కాకపోతే పగుల్లో మురికి ఉండిపోయి ద్రవం ఇంకదు, అప్పుడు ఎంత మంచి ఇన్‌స్పెక్టర్ చూసినా ఏమీ కనపడదు. డిస్కుని వేలాడదీసి తిప్పుతూ చూసేటప్పుడు కేబుల్ ఆనిన చోటు, చేయి పట్టుకున్న చోటు కూడా తిప్పి చూడాలి. చీకటి గదిలోకి వెళ్లగానే చూడటం మొదలుపెట్టకూడదు, కళ్లు అలవాటు పడేదాకా ఆగాలి. అలిసిపోతే చెప్పి కుర్చీలోంచి లేవాలి, ఏ సూపర్‌వైజరూ దానికి తిట్టకూడదు, తిడితే వాడే తప్పు.

రికార్డ్స్‌డెస్క్
ఇంకొకటి. విప్పిన ప్రతి ముక్క మీద సీరియల్ నంబర్ తన కళ్లతో చదివి ట్యాగ్ మీద రాయమనండి. పక్కవాడు చదువుతుంటే రాయడం వద్దు, సిస్టమ్‌లో ఉన్నది చూసి రాయడం అసలే వద్దు. నంబర్ చెరిగిపోయి చదవలేకపోతే చదవలేకపోయానని రాయాలి. కొత్తగా చేరినవాళ్లకి ఆ మాట రాయడానికి మొహమాటం ఉంటుంది, ఇన్‌స్పెక్టర్‌ని పిలవడానికి ఇంకా మొహమాటం. పిలవమనండి.